లిఫ్టు పైకి వచ్చేలోపు

“పిల్ల వచ్చిందిగా, ఆ వంకన నాలుగు గారెలు వెయ్యి,” అని రామబ్రహ్మంగారు సంచీ పట్టుకుని కూరగాయలకి బయల్దేరారు.

ఆ వంకన అనడంలోనే ఉంది ఆయన తెలివంతా. పిల్లకి గారెలు ఇష్టం లేదు, ఇష్టం ఆయనకి. పిల్ల పేరు చెప్పి పప్పు నానబోసి, రుబ్బి, ఆ ఉక్కలో పొయ్యి ముందు నిలబడవలసింది మాత్రం జయలక్ష్మి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఎవరో ఒకరి వంకన ఏదో ఒకటి వేగుతూనే ఉంది. పుట్టింటి వైపు మొట్టమొదట బి.ఏ. ప్యాసయిన ఆడపిల్ల ఆవిడ. “చదువుకున్న పిల్ల గనక చెప్పింది చెప్పినట్టు చేస్తుంది,” అని కొత్తల్లో ఆయన చుట్టాలందరితో గొప్పగా చెప్పేవారు. అది తన చదువుకి వచ్చిన మెప్పో, పోయిన పరువో ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

పంద్రాగస్టు శుక్రవారం పడటంతో మూడురోజులు సెలవులొచ్చాయి. ముందురోజు సాయంత్రమే కూతురు ప్రవీణ తన పిల్ల రసజ్ఞని తెచ్చి కూకట్‌పల్లిలో దింపింది. లోపలికి రాలేదు. క్యాబు ఇంజను ఆపనివ్వకుండా గేటు దగ్గరే నిలబడి మాట్లాడింది. ఒళ్ళంతా చెమటలు పడుతున్నా మణికట్ల దాకా చేతులున్న చొక్కా వేసుకుంది.

“ఆఫీసులో రిలీజ్ ఉందమ్మా. ఆదర్శ్ బెంగళూరు వెళ్ళాడు, సోమవారం గానీ రాడు. ఈ మూడురోజులూ ప్రశాంతంగా నా పని చేసుకుంటాను.”

“కాఫీ అయినా తాగి వెళ్ళవే.”

“క్యాబు ఆగి ఉందిగా,” అంటూ పిల్లని వాటేసుకుంది. విడిచిపెట్టి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ వాటేసుకుంది.

రాత్రి పిల్లకి గౌను తీద్దామని సంచీ తెరిస్తే అందులో స్కూలు బూట్లున్నాయి. అడుగున, ఈ శ్రావణమాసంలో, ఉన్ని స్వెట్టరు. జయలక్ష్మి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. రామబ్రహ్మంగారు చూసి నవ్వారు. “మూడురోజులకి ఇంత సర్దిందా! అంతా నీ పెంపకమే. ఊటీ వెళ్తున్నా ఇంతే, పక్కవీధికి వెళ్తున్నా ఇంతే.” ఆవిడా నవ్వింది. నవ్వు ముగిశాక కూడా స్వెట్టరు ఒళ్ళోనే ఉంది.

రసజ్ఞ ఒకటో తరగతి. స్కూల్లో ఇచ్చిన కాగితం జెండాని జేబులోంచి తీయకుండా తిరిగింది. మంచినీళ్ళు ఒలకబోయదు, కంచంలో మెతుకు వదలదు, తాతయ్య పేపరు చదువుతుంటే మునివేళ్ళ మీద నడుస్తుంది. “ఎంత బుద్ధిమంతురాలే! మీ అమ్మ ఈ వయసులో ఇల్లు పీకి పందిరేసేది,” అని తాతయ్య మురిసిపోయారు. జయలక్ష్మికీ ముద్దుగానే ఉంది. కానీ టీవీ పెట్టమంటే పిల్ల రిమోటు ముట్టుకోకుండా, “అమ్మమ్మా, ఇక్కడ సౌండ్ ఎంతవరకు పెట్టచ్చు?” అని అడిగినప్పుడు ముద్దు అక్కడే ఆగిపోయింది. ఇంట్లో ఎంత పెట్టుకుంటావని అడిగితే, “డాడీ లేకపోతే పది. ఉంటే సున్నా, బొమ్మలు చూస్తే చాలు,” అంది. ఏదో ఆట నియమం చెప్పినట్టు చెప్పింది.

శనివారం మధ్యాహ్నం జయలక్ష్మి సీరియల్ చూస్తూ చిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. గేటు గడియ చప్పుడైంది. టీవీ కట్టేసి, చాటని వంటింట్లోకి తోసి, ఆయన కుర్చీ మీది ఫ్యాను వేసి, బల్ల మీద మంచినీళ్ళు పెట్టింది. చెప్పులు విడిచి లోపలికి వచ్చిన రామబ్రహ్మంగారు నీళ్ళు తాగి, “వంట అవలేదా ఇంకా? పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నట్టు?” అన్నారు. అది కోపం కాదు. ఆయన ఎప్పుడూ కోప్పడరు. వాతావరణం గురించి మాట్లాడినట్టు అంటారు, అంతే. ఆయన స్నానానికి వెళ్ళాక రసజ్ఞ వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది.

“అమ్మమ్మా, తాతయ్య వస్తున్నారని నీకెలా తెలిసింది? నీకూ యాప్ ఉందా?”

“గేటు చప్పుడు వినపడిందమ్మా.”

“మాకైతే యాప్ మోగుతుంది. డాడీ కారు కింద గేట్లోకి రాగానే టింగ్ టింగ్ మంటుంది. లిఫ్టు పైకి వచ్చేలోపు అన్నీ సర్దెయ్యాలి. అమ్మకంటే నేనే ఫాస్ట్.”

జయలక్ష్మికి ఆ యాప్ బాగా తెలుసు. కిందటేడు ఆయా మానేస్తే కోకాపేటలో కూతురి ఫ్లాటులో నెలల తరబడి ఉంది. మొదటిరోజే అల్లుడు ఆదర్శ్ ఆవిడ ఫోన్లో అది ఎక్కించాడు. “మీరెలాగూ ఇంట్లోనే ఉంటారుగా అత్తయ్యగారూ. పాలవాడు, డెలివరీలు, పనిమనిషి నాగేశ్వరి, అందరూ మీ ఫోనుకే వస్తారు. పచ్చది నొక్కితే చాలు, కింద గేటు తీస్తారు.” వంట, పిల్ల, బట్టలు కాక, ఇంటి కాపలా కూడా తన చేతికే వచ్చింది. ఒకసారి చెల్లెలి కూతురు జయంతి అటు వచ్చి కబురంపితే ఆవిడే పచ్చది నొక్కి పైకి రప్పించి కాఫీ ఇచ్చింది. ఆదర్శ్ గొంతు పెంచలేదు. “నన్నడక్కుండా ఎవర్నీ పైకి రానివ్వకండి అత్తయ్యగారూ,” అని చాలా మర్యాదగా అన్నాడు. పక్కనే ఉన్న ప్రవీణ నేలచూపులు చూసింది.

కూకట్‌పల్లి వచ్చేశాక ఆ యాప్ తీసెయ్యడం ఆవిడకి తెలియలేదు. నిజం చెప్పాలంటే, తీసెయ్యాలని లేదు. పొద్దున్నే టింగుమంటే కూతురింట్లో పాలొచ్చాయని, పదిగంటలప్పుడు మోగితే నాగేశ్వరి వచ్చిందని తెలిసేది. పచ్చడి కలుపుతూ ఆ గంట వింటే కూతురు పక్కగదిలో తిరుగుతున్నట్టుండేది. ఈ మధ్య అది మోగడం తగ్గింది. ముందు కూరగాయల వాళ్ళు ఆగారు. తర్వాత నాగేశ్వరి. అడిగితే ప్రవీణ, “నేనే చేసుకుంటున్నానమ్మా, ఎక్సర్‌సైజు,” అంది. అల్లుడి కారు ఏ వేళకి వచ్చిందో ఆవిడెప్పుడూ పట్టించుకోలేదు. ఉగాదికి వచ్చినప్పుడు మాత్రం ప్రవీణ వంటింట్లో, “అమ్మా, నాన్న నిన్నెప్పుడైనా...” అని ఏదో మొదలుపెట్టింది. ముందుగదిలోంచి ఆయన కాఫీ అన్నారు. కాఫీ ఇచ్చి వచ్చేసరికి ప్రవీణ మామిడికాయ తరుగుతూ వేరే కబుర్లలో పడింది.

ఆదివారం తలంటుకుని జయలక్ష్మి జుట్టు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. టీవీ మెల్లిగా నడుస్తోంది. పక్కగదిలో ఆయన గురక. రసజ్ఞ నేలమీద బోర్లా పడుకుని స్కెచ్ పెన్నులన్నీ చల్లుకుని ఏనుగుకి ఆకుపచ్చ రంగు వేస్తోంది. “అమ్మమ్మా, ఇది గోంగూర తిన్న ఏనుగు!” అని పకపకా నవ్వింది. మూడురోజుల్లో పిల్ల గట్టిగా నవ్వడం అదే మొదలు.

అప్పుడు ఫోను టింగ్ టింగ్ మంది.

నవ్వు కత్తిరించినట్టు తెగింది. పిల్ల లేచింది. ఏడవలేదు, భయపడినట్టు కూడా లేదు. అలవాటైన పని చేసేవాళ్ళకి భయపడే తీరిక ఉండదు. పెన్నులు పోగుచేసి మంచం కిందికి తోసింది. ఏనుగుని మడిచి గౌను జేబులో దాచింది. టీవీ సౌండ్ తగ్గించింది. గుమ్మం దగ్గర చెప్పులు జతలు సరిచేసింది. వెనక్కి వచ్చి జయలక్ష్మి ముందు నిలబడి, గుసగుసగా అంది.

“అమ్మమ్మా, జుట్టు ముడేసుకో. తొందరగా.”

“ఎందుకమ్మా?”

“వదిలేస్తే చేతికి దొరుకుతుంది.”

ఆవిడ చేతులు వాటంతటవే తల వెనక్కి వెళ్ళి తడిజుట్టు ముడివేశాయి. పిల్ల ముడిని ఒకసారి లాగి చూసి, గట్టిగానే ఉందన్నట్టు తలూపి, గోడవారన చేతులు కట్టుకుని కూర్చుంది. తానున్నది తన ఇల్లు కాదని దానికింకా గుర్తు రాలేదు.

జయలక్ష్మి ఫోను తీసి చూసింది. మీ వాహనం లోపలికి వచ్చింది అని ఉంది. బెంగళూరులో ఉన్న మనిషి, సోమవారం గానీ రాని మనిషి. స్వెట్టరు, స్కూలు బూట్లు, రెండోసారి వాటేసుకోవడం, అన్నీ ఒక్కసారిగా ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ప్రవీణ పిల్లని సెలవులకి పంపలేదు. ముందు పిల్లని దాటించింది. అతను వచ్చేలోపు తనూ దాటుదామనుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో బట్టలు సగం సర్దిన పెట్టె ఎక్కడో తెరిచి ఉంటుంది. లిఫ్టు పైకి వెళ్తూ ఉంటుంది.

ఫోను చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

రామబ్రహ్మంగారిని లేపి చెప్పింది. ఆయన కళ్ళు నులుముకున్నారు. “మొగుడు ఒకరోజు ముందొస్తే అంత కంగారేమిటి? చిన్నపిల్ల మాటలు పట్టుకుని ఊరేగకు. మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్తే మనకే చెడ్డపేరు. రేపు పిల్లని దింపడానికి వెళ్తాంగా, అప్పుడు మెల్లిగా అడుగుదాం. నాలుగు గారెలు కట్టు, అల్లుడికి ఇష్టం.”

అలాగేనండి అనే మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళ అలవాటు. ఆవిడ గుమ్మంలోంచి పిల్ల వైపు చూసింది. గోడవారన చేతులు కట్టుకుని ఇంకా అలాగే ఉంది.

“పిండి ఫ్రిజ్‌లో ఉంది. గారెలు కావాలంటే మీరే వేసుకోండి. పిల్లకి ఆకలేస్తే పెరుగన్నం కలిపి పెట్టండి. టీవీ సౌండ్ దానికెంత కావాలంటే అంత పెట్టుకోనివ్వండి.”

“ఎవర్నడిగి వెళ్తున్నావ్?”

ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

ఆటో కొండాపూర్ దాటేసరికి వాన మొదలైంది. వంతెన కింద బళ్ళన్నీ ఆగిపోయాయి. పండగ సెలవుల్లో బయటికి వచ్చిన పిల్లలు కార్లలోంచి జెండాలు ఊపుతున్నారు. ఆవిడ కూతురి నంబరు నొక్కుతూనే ఉంది. ప్రతిసారీ అదే గొంతు, అదే మర్యాద, స్విచాఫ్ అని. కోకాపేట చేరేటప్పటికి టవర్ల పైఅంతస్తులు మబ్బులో కలిసిపోయి, ఏ కిటికీ ఎవరిదో తెలియకుండా ఉంది.

గేటు దగ్గర కాపలా మనిషి ఓదెలు ఆవిడని గుర్తుపట్టాడు. కిందటేడు రోజూ పిల్లని స్కూలు బస్సెక్కించేటప్పుడు పలకరించేవాడు.

“నమస్తే అమ్మా. ఏంది, వానల గిట్ల తడుసుకుంట వచ్చిన్రు? ప్రవీణ మేడం కాడికా?” అని గొంతు తగ్గించాడు. “జర పరేషానుగుందమ్మా. ఇందాక సారు కారాపి చెప్పిండు, ఇయ్యాల మా ఫ్లాటుకు ఎవ్వర్నీ పంపొద్దని. మేడం పొద్దుగాల పెట్టె పట్టుకొని క్యాబు కోసం కిందికి దిగింది. క్యాబు రాలే, మల్ల పైకి పోయింది. గంతే చూసిన.”

“నన్ను పంపు ఓదెలూ.”

“నా నౌకరీ పోతదమ్మా. యాప్ల ఒప్పుకుంటెనే గేటు తెరుస్త.”

“అయితే యాప్‌లోనే అడుగు. నా పేరే పెట్టు.”

అతను నిట్టూర్చి చేతిలోని పలకలాంటి యంత్రంలో ఫ్లాటు నంబరు కొట్టాడు. పేరు కొట్టాడు. తలెత్తకుండా, సారు కాదంటే నా తప్పు లేదమ్మా అన్నాడు.

జయలక్ష్మి చేతిసంచీలో టింగ్ టింగ్ మని మోగింది.

ఆవిడ తడిచేత్తో ఫోను తీసింది. జయలక్ష్మి గారు గేటు దగ్గర ఉన్నారు, లోపలికి రానివ్వాలా? అని తెరమీద ఉంది. కింద ఎర్రది, పచ్చది. పాలవాడి కోసం, కూరగాయల వాళ్ళ కోసం ఆవిడ చేతికిచ్చిన కాపలా అది. ఆవిడ మానేసి వెళ్ళాక తిరిగి తీసుకోవాలని అల్లుడికి తోచలేదు. పనికోసం పెట్టుకున్నవాళ్ళు తమకోసం నొక్కుకుంటారని ఎవరికి తోస్తుంది? ఎవర్నడిగి అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. పచ్చది నొక్కింది.

ఓదెలు చేతిలో యంత్రం వెలిగింది. “ఇగో, అప్పుడే ఒప్పుకున్నరు!” అని అతను ఆశ్చర్యపోయాడు. “ఎవరు, సారేనా?”

“నేనే,” అంది జయలక్ష్మి. “నువ్వూ నాతో పైకి రా ఓదెలూ. ఒక్కదాన్నే వెళ్ళను.”

అతను ఆవిడ మొహం చూసి, లాఠీ అందుకుని పక్కవాడికి గేటు అప్పగించాడు.

లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆవిడ మరోసారి జుట్టుముడి బిగించుకుంది. ఆ గంట పైన అతని ఫోన్లోనూ మోగే ఉంటుంది. లిఫ్టు పైకి వచ్చేలోపు కంగారుపడవలసిన వంతు ఈసారి అతనిది.