బి సెక్షన్ ఉత్తరాలు

వొనోసోబోలో మా ఒకేషనల్ స్కూల్లో కుట్టుపని సెక్షన్లు రెండు: ఏ, బి. ఏ సెక్షన్‌కి పాత పద్ధతి: బోర్డు మీద నమూనా చూసి అలాంటిదే రాయడం. బి సెక్షన్‌కి కొత్తది: నిజం మనిషికి ఉత్తరం రాసి పోస్టు చేయడం, జవాబొస్తే క్లాసులో చదవడం. మా ఇండోనేషియా భాషలో రాయడం ఎందులో బాగా వస్తుందో భాష టీచరుగా నేను రిపోర్టివ్వాలి.

కొత్త పద్ధతిలో టీచరు కూడా రాయాలట. ఆ రూలు పెట్టినవాడి నోట్లో మన్ను పడ! నాకున్నది ఒక్క అక్క. అమ్మ పోయిన వెయ్యో రోజున మా ఆచారం ప్రకారం చేసే ప్రార్థనకి పరీక్షల వంక చెప్పి వెళ్ళలేదు నేను. ఆరేళ్ళుగా మా మధ్య మాటల్లేవు. "అక్కా, తప్పు నాదే. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను" అని రాసి, క్లాసులో చదివి, పోస్టు చేశాను.

నెల తిరిగేసరికి పిల్లలకి ముప్పై జవాబులొచ్చాయి. మార్కులూ ఏ సెక్షన్ వాళ్ళకంటే ఎక్కువే. నాకే ఏమీ రాలేదు. రోజూ సిగ్గు విడిచి ఆఫీసుకెళ్ళి అడిగేదాన్ని. "ఏంటి బు, ప్రేమలేఖా?" అని గుమస్తా ఎగతాళి. టీచరమ్మని ఇక్కడ అందరూ 'బు' అనే పిలుస్తారు.

చివరికి ఒకరోజు క్లాసులో, అప్పటిదాకా జవాబు రాని నింగ్రుమ్ ఉత్తరం పట్టుకుని లేచింది. వాళ్ళమ్మ తైవాన్‌లో ఎవరింట్లోనో పనిచేస్తుంది. ఏడాదిగా ఫోన్ కూడా లేదు.

"తిన్నావా తల్లీ? నువ్వు కుట్టిన కబాయ జాకెట్టు వేసుకోవాలనుంది. నా మీద కోపం పెట్టుకోకు" అని చదివింది.

కాగితం అడిగి చూశాను. మా కుట్టుగదిలో కొలతలు గీసే కాగితమే అది. ఆ చేతిరాత నేను ఏడాదిగా దిద్దుతున్నదే.

"బాగా రాసింది మీ అమ్మ" అన్నాను. జవాబొచ్చినట్టు టిక్కు పెట్టాను. రిపోర్టు తప్పయితే అయింది.

"మమ్మల్నైతే చదివిస్తారు, మీ జవాబు దాచుకుంటారా బు?" వెనక బెంచీలోంచి అరిచారు. "మీ అక్క రాసిందా లేదా?"

"రాసింది."

"ఏమని?"

"తిన్నావా అని అడిగింది. నా మీద కోపం పెట్టుకోకు అంది."

క్లాసంతా చప్పట్లు. నింగ్రుమ్ కొట్టలేదు. నన్నే చూస్తూ నిలబడిపోయింది.

బెల్లు కొట్టాక అందరూ పోయారు. అది మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "మీరు తిన్నారా బు?" అంది.

"లేదే" అన్నాను. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడే గుర్తొచ్చింది.