శ్రీరామ్మూర్తి వారసులు

శ్రీరామ్మూర్తి పొద్దున్నే పెరట్లో పళ్లు తోముకుంటూ కూలబడిపోయాడు. మళ్లీ లేవలేదు. ఆ కబురు ఫోన్లో చెప్పింది కనకరత్నం. "బేగి ఒచ్చియ్యండి. మీయన్న పలకట్లేదు," అని మాత్రం అంది.

అప్పటికి అతని చెల్లెలు రోజారమణి పద్మనాభంలో బస్సు కోసం నిలబడి ఉంది. సిటీలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ అటెండరు. కాలేజీ బస్సు వదిలేసి, అన్న ఇల్లున్న పెందుర్తికి ఆటో ఎక్కి, దారిలోనే తమ్ముడు గుణశేఖర్‌కి ఫోన్ చేసింది. అతను ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి అప్పుడే గాజువాకలో ఇంటికి చేరుకున్నాడు.

ఆవిడ వెళ్లేసరికి అన్నని ముందుగదిలో చాప మీద పడుకోబెట్టి ఉంది. అంత మనిషిని పెరట్లోంచి ఒక్కతే ఎలా తెచ్చిందో ఏమో, కనకరత్నం చీర చెంగంతా మట్టి.

ఇక ఆ రోజు రోజారమణి కూర్చోలేదు. డాక్టర్ని పిలిచి చనిపోయినట్టు కాగితం రాయించింది. ఐస్ పెట్టె తెప్పించింది. శ్మశానంలో కట్టెలకి చెప్పింది. షామియానావాడు వీధి సగం మూసేస్తే పక్కింటివాళ్లు గొడవ పెట్టుకున్నారు. వాళ్లకి సర్దిచెప్పింది. ఊళ్లో చుట్టాలకి ఫోన్లు చేసీ చేసీ గొంతు పోయింది. "ఎలా పోయాడమ్మా?" అని అడిగిన ప్రతివాళ్లకీ మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. ఇరవయ్యోసారికి ఆ మాటలు ఎవరివో చెప్తున్నట్టు అనిపించాయి.

శ్రీరామ్మూర్తి పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లల్లేరు. కనకరత్నానిది యారాడ. మొగుణ్ని సముద్రం మింగేశాక హార్బరు దగ్గర చేపలమ్ముకుని కొడుకు వాసుని పెంచింది. శ్రీరామ్మూర్తికి పచ్చకామెర్లు వచ్చి మంచం పట్టినప్పుడు గంజి కాచి ఇవ్వడానికొచ్చి ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అది జరిగి తొమ్మిదేళ్లు. అప్పట్నుంచి వాసు తల్లితో మాట్లాడ్డం లేదు. ఇటు శ్రీరామ్మూర్తి చుట్టాలూ ఆవిడ సంగతి ఎత్తరు. రోజారమణి కూడా అన్నని చూడ్డానికి వచ్చినప్పుడు ఆవిడ పెట్టింది తిని వెళ్లేది గాని ఏ వరసా పెట్టి పిలిచేది కాదు.

మధ్యాహ్నం గుణశేఖర్ అక్కని పక్కకి పిలిచాడు. "అప్పా, ఊళ్లోవోళ్లంతా ఒస్తన్నారు. ఆవిణ్ని కాస్త ఎనక్కుండమని సెప్పు."

చెప్పడానికే రోజారమణి వంటగదిలోకి వెళ్లింది. కనకరత్నం అప్పటికే అక్కడ గ్లాసులు కడుగుతోంది. "నాను ఇక్కడే ఉంటాన్లెండి," అంది తలెత్తకుండా. రోజారమణి కడిగిన గ్లాసులు రెండు అందుకుని బోర్లించింది. బయట వ్యాన్ హారన్ కొడుతుంటే వెళ్లిపోయింది. శవాన్ని ఎత్తేటప్పుడు కనకరత్నం పెరటి గోడ దగ్గర నిలబడి చూసింది. తలకొరివి గుణశేఖర్ పెట్టాడు.

పదో రోజున గాజుల మాట వచ్చింది. ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చూస్తే కనకరత్నం చేతులు బోసిగా ఉన్నాయి. ఎప్పుడు తీసేసిందో ఎవరికీ తెలీదు.

పెదకర్మ అయ్యాక ఆఫీసుల వంతు. డెత్ సర్టిఫికెట్లో రామ్మూర్తి అని పడింది, దాన్ని దిద్దించడానికి మూడుసార్లు తిరగాలి. బ్యాంకువాళ్లు వారసుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికోసం తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టాలి. గుణశేఖర్‌కి షిఫ్టులు. తిరిగేది రోజారమణే. కాలేజీలో సెలవులన్నీ అయిపోయాయి. సాయంత్రం బస్సు దిగేసరికి పాదాలు పొంగి చెప్పుల్లోంచి ఊడి వచ్చేవి కావు.

ఒక ఉదయం వీఆర్వో వీరేంద్ర విచారణకి వచ్చాడు. రోజారమణీ తమ్ముడూ అతన్ని పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వీధిలో ఇద్దర్ని అడిగి వచ్చాడతను. "భార్య లేదని రాశారు. పక్కింట్లో అడిగితే ఆయన మిసెస్ లోపలే ఉంటారు కదండీ అన్నారు."

గుణశేఖర్ మొహం ఎర్రబడింది. వీరేంద్ర కనకరత్నాన్ని పిలిపించాడు. "అమ్మా, ఆయనకి మీరేమవుతారు?"

ఆవిడ చేతులు చెంగుకి తుడుచుకుంది. "ఏటీ అవను బాబూ. వంట సేసేదాన్ని."

గుణశేఖర్ ఊపిరి వదిలాడు. వీరేంద్ర కలం తీశాడు. రోజారమణి ఆ కలం వైపే చూసింది. సంతకమైపోతే ఇక తిరగక్కర్లేదు. ఎంత బాగుంటుంది! అయినా నోరు ఊరుకోలేదు.

"అబద్ధం బాబూ. ఆవిడ మా వదిన."

"ఏటప్పా!" గుణశేఖర్ లేచి నిలబడ్డాడు. "ఇంతాకా ఒచ్చిన పని పాడు సేసీసేవు."

వీరేంద్ర కలం మూశాడు. చిరాకు పడలేదు, నెమ్మదిగానే చెప్పాడు. "మీరు వదిన అంటే సరిపోదమ్మా. పెళ్లయినట్టు ఆధారమేదైనా ఉందా? ఆవిడ ఆధార్లో భర్త పేరెవరిది?" మొదటి మొగుడి పేరే ఉంది. "అయితే భార్య అని నేను రాయలేను. వీధంతా భార్య అంటుంటే లేదనీ రాయలేను. పెళ్లి కాలేదు, హక్కు అడగను అని ఆవిడే స్టేట్‌మెంట్ ఇస్తే అప్పుడు మీ ఇద్దరి పేర్లూ రాస్తాను."

"ఇచ్చెత్తాను బాబూ, ఎక్కడెట్టమంటారు?" అంది కనకరత్నం.

"ఇప్పుడొద్దు," అంది రోజారమణి. "రెండ్రోజులాగి మేమే ఆఫీసుకొస్తాం బాబూ."

అతను వెళ్లాక గుణశేఖర్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. గొంతు దించి అన్నాడు. "పద్దెనిమిదేళ్లనుంచి అద్దెకున్నాను అప్పా. ఈ ఇల్లమ్మితే నా వాటాతో ఎక్కడో ఓ గూడు కట్టుకుందామనుకున్నాను. నాకు మనసు లేదనుకోకు."

"ఉంది గాబట్టే అడుగుతన్నాను. ఆవిడ ఎక్కడికెల్తాది? కొడుకు గుమ్మం తొక్కనివ్వడు. నువ్వు సెప్పు, పంపించేద్దాం."

అతను గోడ మీద పెచ్చుని గోటితో గీకాడు.

"పద్మనాభంలో అన్న వాటా పొలం నువ్వే మొత్తం తీసుకో," అందావిడ. "ఈ ఇల్లు నాకొగ్గేయ్. అమ్మితే పొలానికే ఎక్కువొస్తాది, నీకూ తెలుసు."

ఆ పొలాన్ని ఏళ్ల తరబడి దున్నుతున్నది రోజారమణి భర్తే. తమ పొలానికి ఆనుకునే ఉంది. ఎప్పటికైనా తమదేనన్న ధీమాతో అతను కిందటేడే దాని గట్టు మీద బోరు వేయించాడు.

గుణశేఖర్ ఇటు తిరిగాడు. "బావ ఒప్పుకుంటాడేటి?"

"బావతో నాను మాటాడతాను."

మాట్లాడింది. భర్త కేకలు వేయలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని వెళ్లి వరండాలో పడుకున్నాడు. రెండు రోజులు పలకలేదు. మూడో రోజు తువ్వాలు భుజాన వేసుకుంటూ, "కోతలయ్యేదాకా ఆగమను మీ తమ్ముణ్ని," అన్నాడు. అంతే. ఆ మాత్రం ఒప్పుకోలు దొరికినందుకు రోజారమణికి సంతోషం కూడా కలగలేదు, ఇంకో పని అయిందనిపించింది.

వీరేంద్ర అడిగిన స్టేట్‌మెంట్ కనకరత్నం చేత ఇప్పించారు. సర్టిఫికెట్ వచ్చాక ఒకే రోజు రెండు కాగితాలూ రిజిస్టరు చేయించారు. పొలం గుణశేఖర్‌కి, ఇల్లు రోజారమణికి. ఆ వెంటనే రోజారమణి ఇంకో కాగితం రాయించింది, కనకరత్నం బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండొచ్చని. ఆ మాట వినగానే కనకరత్నం రిజిస్ట్రారాఫీసు మెట్ల మీద ఆగిపోయింది.

"నాకెందుకమ్మా ఈ కాయితాలు? నానడిగేనా? రేపు మీ పిల్లలు తిట్టుకుంటారు. ఏదో గది సూసుకుని హార్బరు పక్కకెల్లిపోతాను."

"వదినా, నాకు నిలబడే ఓపిక లేదు," అంది రోజారమణి. "ఉంటావో పోతావో తరవాత చూసుకో. ముందొచ్చి వేలిముద్ర వెయ్యి. మళ్లీ ఈ మెట్లు నాను ఎక్కలేను."

కనకరత్నం వచ్చి వేలిముద్ర వేసింది. గుణశేఖర్ ఒక పక్కగా నిలబడి అంతా చూశాడు. వెళ్లేటప్పుడు ఇద్దరినీ ఆటో ఎక్కించి, "సంవత్సరీకం నా ఇంటికాడ కాదు, అన్న ఇంటికాడే సేద్దాం," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. ఒక్క నిమిషం నడుం వాల్చి బస్సుకి వెళ్దామని రోజారమణి అన్న మంచం మీద ఒరిగింది. తలగడకి ఇంకా అన్న తలనూనె వాసన ఉంది. కళ్లు తెరిచేసరికి ఎండ పెరటి గోడెక్కేసింది. ఫ్యాన్ ఆమె వైపు తిప్పి ఉంది. కాళ్ల మీద దుప్పటి.

కనకరత్నం టీ తెచ్చి గ్లాసు చేతికిచ్చింది. తను కింద చాప మీద కూర్చుంది.

"కరెంటు బిల్లు ఇంకా ఆయన పేరునే ఒస్తన్నాది," అంది. "అదీ మార్పించాలంట."

రోజారమణి టీ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"మారుద్దాంలే. ఒచ్చేనెల."