ఎత్తిన గుడ్డ

నేను ఒక ఎర్ర గుడ్డని. పోలమ్మ పెళ్లికోక పాతబడితే, అందులో బాగున్న రెండు గజాలు చింపి వెదురుగడకు కట్టారు. అలా నాకు ఉద్యోగం దొరికింది. వేట నుంచి తిరిగొచ్చే తెప్పలకు ఒడ్డు నుంచి కబురు చెప్పాలి. కెరటాలు తగ్గాక నన్ను పైకెత్తితే రమ్మని, ఎత్తకపోతే ఆగమని. నాలోనే ఏదో మహత్తు ఉందని తెగ మురిసిపోయేదాన్ని.

పోలమ్మకు మోకాళ్లు పట్టేశాక నా గడ కొత్త కోడలు కొర్లమ్మ చేతికి వచ్చింది. ఆమెది అదే సముద్రం ఒడ్డున మరో పల్లె. "గుడ్డ సూసుకోయే" అంది అత్త. ఏం చూసుకోవాలో చెప్పలేదు. తన ఊరి వాడుక లోకమంతటికీ తెలుసని ఆమె ధీమా. మనుషులకు ఈ ధీమా ఎక్కడి నుంచి వస్తుందో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఆ మొదటి రోజే, తెప్ప కనిపించే వేళకు సముద్రం పోటెత్తింది. తెప్ప మీద గురువులు అనే కొర్లమ్మ మొగుడు, మరో ముగ్గురు ఉన్నారు. ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఒంట్లో ఉన్న బలమంతా కూడగట్టి నన్ను పైకెత్తింది.

పోలమ్మ కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మా, కొంప ముంచీసినావే! ఎత్తితే రమ్మని కదేటే!"

"మా ఊర్ల ఆగమని అత్తా!"

ఇద్దరూ కలిసి నన్ను కిందికి లాగేశారు. తెప్ప రావలసిన దారిలోనే తాటిచెట్టంత కెరటం విరిగిపడింది. కానీ తెప్ప రాలేదు. అవతలే ఆగి ఉంది.

పొద్దువాలాక సముద్రం నెమ్మదించింది. పోలమ్మే నన్నెత్తింది. తెప్ప ఒడ్డుకు చేరగానే కొర్లమ్మ మొగుణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. "గుడ్డెత్తీసినాను కదా, నువ్వెందుకు రాలేదు?"

"ఆళ్లు ముగ్గురూ ఒడ్డుకి పోదారి అన్నారు. నీ పసుపుకోక సూసి ఎత్తింది నువ్వేనని పోల్చినాను. మీ ఊర్ల ఎత్తితే ఆగమని పెళ్లినాడు మీ అయ్య సెప్పినాడు కదేటి."

నా గర్వం ఆ పూటే దిగింది. నేనేం చెప్పానో నన్ను చూసి కాక, నన్ను పట్టుకున్న మనిషిని చూసి తెలుసుకున్నాడతను. అయినా నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

తర్వాత రెండూళ్ల పెద్దలూ కూర్చుని, ఊపితే ఆగాలని, ఊపకుండా ఎత్తితే రావాలని ఒప్పుకున్నారు. కొన్నేళ్లకు సెల్‌ఫోన్లు వచ్చాయి. నా ఉద్యోగం పోయింది.

ఇప్పుడు కొర్లమ్మ ఇంట్లో, ఆమె కూతురికి ఉయ్యాలనయ్యాను. నన్ను దూలానికి కట్టడం చూస్తే చాలు, ఎంత ఏడుస్తున్నా పిల్ల ఊరుకుంటుంది. నేను పైకి లేస్తే అమ్మ ఎత్తుకుని పడుకోబెడుతుందని దానికి తెలుసు. ఏ ఊరి పెద్దలూ కూర్చోలేదు. తల్లీ కూతురూ తమలో తామే ఒప్పుకున్నారు.