తెల్లబడ్డ పావురం

కైరో రింగురోడ్డు వంతెన మెత్వల్లి మిద్దెను ఒరుసుకుంటూ పోతుంది. ఆరేసిన దుప్పటి బండ్ల పొగకు సాయంత్రానికి గోనెపట్టా రంగుకొస్తుంది. ఆ మిద్దె మీదే చెక్కగూట్లో మెత్వల్లి పావురాలు పెంచుతాడు.

చక్కెర అనే ఆడపావురం గుడ్లు వదిలి మేతకు ఎగిరింది, మళ్లీ రాలేదు. మగది తిండి మాని గుడ్ల మీదే కూర్చుంది. అది లేచిందా, గుడ్లు చల్లబడ్డట్టే.

మెత్వల్లి రోడ్డవతల తనలాగే పావురాలు పెంచే షెహాతా మిద్దెకు వెళ్లాడు. ఎవరి మిద్దె మీద వాలిన పావురం వాళ్లదే అవుతుంది. పావురాలవాళ్ల కట్టుబాటు అది. అయినా అడిగాడు.

"నా చక్కెర నీ గూట్లో ఉంది."

"ఎలా ఉంటుంది?"

"తెల్లగా."

షెహాతా పడీపడీ నవ్వాడు. "హాజీ, నీ కళ్లకు మసి పట్టింది. నా దగ్గరున్నవన్నీ నల్లవే. తెల్లది కనబడితే పట్టుకుపో, కట్టుబాటు మాట ఎత్తను."

"అయితే సబ్బు తీసుకురా."

ఇద్దరూ బకెట్టు ముందేసుకుని కూర్చున్నారు. ఒకటి ఎర్రగా తేలింది, ఇంకోటి చుక్కలతో. షెహాతా ఊరంతటికీ చూపించుకునే నల్ల మగపావురం గోధుమరంగులో బయటపడింది. నల్లదంటూ ఒక్కటీ మిగల్లేదు. ఆఖర్న చక్కెర మల్లెపువ్వులా తేలింది.

మెత్వల్లి దాన్ని ఎండలో ఆరబెట్టి, ఇంటికి తెచ్చి గూట్లో పెట్టాడు. మగది ఒక్క చూపు చూసి ముక్కుతో పొడిచి తరిమింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పొడిచింది.

భార్య నఫీసా నడుం మీద చేతులేసుకుంది. "పరాయిదాన్ని తెచ్చి పక్కన కూర్చోబెడితే ఊరుకుంటుందా? దాని పెళ్లాం నల్లగా ఉండేది!"

మెత్వల్లి కూరలు పైకి లాక్కునే తాడుబుట్టలో చక్కెరను కూర్చోబెట్టి, మూతికి వల కట్టి, పిట్టగోడ మీంచి రోడ్డువైపు వేలాడదీశాడు. కింద బండ్లు ఎప్పట్లాగే కదలకుండా ఉన్నాయి.

"ఏం తాతా, పావురాన్ని బస్సెక్కిస్తున్నావా?" అని ఓ మినీబస్సు డ్రైవరు కేకేశాడు.

"లేదు నాయనా. యాక్సిలరేటరు కాస్త గట్టిగా తొక్కు."

డ్రైవరు తొక్కాడు. వెనకున్నవాళ్లూ సరదాకి తొక్కారు. బుట్ట, తాడు, మెత్వల్లి గడ్డం పొగలో మునిగిపోయాయి. పైకి లాగేసరికి చక్కెర బూడిదరంగులో కూర్చుని తుమ్ముతోంది.

గూట్లో పెట్టాడు. మగది మెడ ఉబ్బించి, కువకువలాడి, పక్కకు జరిగింది. చక్కెర గుడ్లమీద సర్దుకునేలోపు మెత్వల్లి చెయ్యి దూర్చి చూశాడు.

వెచ్చగానే ఉన్నాయి. ఆ మాట నఫీసాకు చెప్పాలనుకున్నాడు గానీ, దగ్గు ఆగలేదు.