పక్కన పెట్టిన నీళ్ల గొట్టం

కైనూ అడవుల్లో ఏరిన బ్లూబెర్రీల రసం మా పరీక్షశాలకు పట్టుకొచ్చింది ఇర్యా. పోయిన ఏడాది నీళ్లు కలిపి దొరికిపోయిన మనిషి. అందుకే వెండి ద్రావణం రెండు గాజుగొట్టాల్లో పోసి, ఒకదానిలో ఆవిడ రసం చుక్క, రెండోదానిలో ఉత్త నీటిచుక్క వేశాను. రెండింటినీ వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టాను. రసంలో యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉంటే వెండి సన్నని రేణువులుగా మారి పసుపు రంగు వస్తుంది. నీళ్లకు రాకూడదు.

"ఏం తల్లీ, నా రసాన్ని సౌనాలో కూర్చోబెట్టి చెమటలు పట్టిస్తున్నావా?" అంది ఇర్యా.

రసం గొట్టం పసుపెక్కింది.

"చూశావా! ఇప్పుడేమంటావ్?"

నా కళ్లు పక్క గొట్టం మీదే ఉన్నాయి. అదీ పసుపెక్కుతోంది. గబుక్కున వంగి తొట్టి వేడి చూశాను. నలభై డిగ్రీలుండాల్సింది తొంభై ఉంది. అంత వేడికి రసం లేకపోయినా రంగు వచ్చేస్తుంది.

"తౌనో! దీన్నెవరు పెంచారు?" అని అరిచాను.

"నేనే మేడమ్, సోమవారం. పని తొందరగా తెములుతుందనీ..." అన్నాడు పక్క బల్ల దగ్గరి మా సహాయకుడు తౌనో.

సోమవారం నుంచి పదకొండు మంది రసానికి మేలురకమని సంతకం పెట్టాను. మర్యాదస్తులు కదా అని వాళ్లలో ఒక్కరికీ నీళ్ల గొట్టం పెట్టలేదు.