కూర్చున్నవాళ్ళ లెక్క

తెలంగాణ రాష్ట్రం రావడానికి నాలుగేళ్ళ ముందటి మాట. మున్సిపాలిటీ జీపు హారన్ వినబడితే చాలు, నాచారం ఫ్యాక్టరీల రోడ్డు మీద సరుకు అమ్ముకునే ఆడవాళ్ళు గోనెపట్టా నాలుగు కొసలు పట్టి, మూట చంకనెత్తుకొని సందులోకి పరుగెత్తేవాళ్ళు. ఆ రోజు సారమ్మకు మోకాలు పట్టేసింది. మున్సిపాలిటీవాడు ఆమె జామకాయల గంపను జీపు వెనకే వచ్చిన లారీలోకి విసిరేశాడు. సారమ్మ లారీ వెనక కుంటుకుంటూ పోయి, దుమ్ములో ఆగిపోయింది. వేడి గుగ్గిళ్ళ తపేలా పట్టుకొని సందు మలుపులోంచి లక్ష్మీనర్సమ్మ అంతా చూసింది. చూసీ బయటికి రాలేకపోయింది.

అదే జీపులోంచి చేతిలో రాసుకునే అట్టతో గౌతమి అనే పిల్ల దిగింది. ఏ రోడ్డు మీద మనుషులు ఎంతసేపు నిలబడతారు, ఎక్కడ కూర్చుంటారు, ఎంతమంది మాట్లాడుకుంటారు, అదంతా కొలిచి రోడ్డు సందడి రాయడం ఆమె పని. జీపు పక్కనే గంటసేపు నిలబడి, కనిపించింది రాసుకొని పోయింది.

పదిహేను రోజులకు కరెంటు స్తంభానికి కాగితం అంటించారు. యూనియన్ దయాకర్ చదివి చెప్పాడు. ఈ రోడ్డు మీద మనుషులు ఆగరట, కూర్చోరట. అందుకని రెండు పక్కలా ఇనుప కంచె కట్టి లారీలకు వదిలేస్తారట.

అన్నం వేళ ఫ్యాక్టరీ గేటు ముందు మీటింగు పెట్టారు.

"ఇన్నేండ్ల సంది ఈడనే కూసుంటున్నం గదనే! ఆ పోరికి కండ్లు లేవా?" అంది సారమ్మ.

"పోరినెందుకు తిడ్తవ్? జీపు రాంగనే లేసి ఉర్కింది మనమే గదా" అంది లక్ష్మీనర్సమ్మ. "మనల్ని మనమే తుడిపేసుకున్నం."

వెల్డర్ దుర్గేష్ విసుక్కున్నాడు. "గిది మీ ఆడోళ్ల లొల్లి. మా డ్యూటీ మాకున్నది."

"డ్యూటీ దిగి యాడ నిలవడ్తవ్ రా అయ్యా? మొన్న సమ్మె ముచ్చట మీ మేనేజర్ రూముల మాట్లాడిన్రా? నా గుగ్గిళ్లు బుక్కుకుంట ఈడనే గదా! కంచె పడితే గేటు దాటంగనే బస్సెక్కుడే. ఇగ నలుగురు ఎన్నడు కలుస్తరు?"



"గందుకే గావాలె కంపెనోళ్లకు కంచె" అన్నాడు దయాకర్.

యాభై మంది పోయి మున్సిపల్ ఆఫీసర్ రామచంద్రరావు గది ముందు బైఠాయించారు. బుధవారం మళ్ళీ లెక్క తీస్తామని చెప్పిందాకా కదల్లేదు.

బుధవారం జీపుతోపాటు పోలీసు వ్యాను కూడా వచ్చింది. హారన్ మోగగానే లక్ష్మీనర్సమ్మ సగం లేచింది. ఇరవై ఏళ్ళ అలవాటు! సారమ్మ కొంగు పట్టి లాగింది.

"కూసో అక్కా."

కూర్చుంది. ఎవరూ లేవలేదు.

"ముందు రోడ్డు ఖాళీ చేయండి, తర్వాత లెక్క" అన్నాడు రామచంద్రరావు.

"ఖాళీ జేసినంక ఏం లెక్కవెడ్తవ్ సారూ, గాలినా?" అంది లక్ష్మీనర్సమ్మ.

అందరూ నవ్వారు. పోలీసులు మీద పడ్డారు. గుగ్గిళ్ళు నేలపాలయ్యాయి. రెక్కలు పట్టి వ్యానులోకి ఎక్కిస్తుంటే లక్ష్మీనర్సమ్మ అరిచింది.

"బిడ్డా, నన్ను రాసినవా?"

"రాయకు!" అన్నాడు ఆఫీసర్.

గౌతమి పెన్ను ఆపలేదు. "రాసిన అవ్వా."

అప్పుడే రెండు గంటల సైరన్ మోగింది. గేటు తెరుచుకుంది. ముందుగా వచ్చిన దుర్గేష్ ఖాళీ గోనెపట్టాను చూశాడు, వ్యానును చూశాడు. టిఫిన్ డబ్బా పక్కన పెట్టి పట్టా మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. అతని వెనక షిఫ్టు షిఫ్టంతా వ్యాను ముందు, వెనక, చక్రాల పక్కన కూర్చుంది.

కాగితం నిండిపోతే గౌతమి దాన్ని తిరగేసి వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. వ్యాను డ్రైవర్ ఇంజను ఆపేశాడు.