రెండు జతల ఒట్టు

ఎడారి ఊరు చాండ్లర్ ఎండలో బయలుదేరిన కారు మూడు గంటలు తిరక్కుండానే మంచు కొండల్లోకి వచ్చేసింది. దారి పొడుగునా చరిత చెయ్యి కోటు జేబులోకి వెళ్తూనే ఉంది, బయటికి వస్తూనే ఉంది. జేబులో నిన్న కొన్న సన్నటి ఉన్ని సాక్సులున్నాయి. కాళ్లకు మాత్రం అమ్మ ఇచ్చిన రెండు జతలు, ఒకదాని మీద ఒకటి, గోనెపట్టాల్లా ఉన్నాయి.

"ఏంటమ్మా, సీట్లో చీమలున్నాయా?" ముందు సీట్లోంచి శశికళ ఆంటీ నవ్వింది.

"లేవాంటీ," అంది చరిత. ఆ ఒక్క మాటకే చెవులు వేడెక్కాయి.

తొమ్మిదో తరగతి దాకా చరిత చదివింది పాలకొల్లు పక్క పల్లెలో. నాన్నకి ఇక్కడ చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికాక అమ్మతో కలిసి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆంటీ కూతురు హంసిక ఇక్కడే పుట్టింది. స్కూల్లో చరిత పక్కన కూర్చుని అన్నం తినేది ఆ పిల్ల ఒక్కతే. ఇవాళ, కాళ్లకు పొడుగాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారే స్కీయింగ్‌కి రమ్మని పిలిచింది కూడా తనే. పొద్దున కొత్తవాళ్లకి క్లాసు ఉంటుంది. అందులో పడకుండా ఆగడం వచ్చినవాళ్లని మధ్యాహ్నం కొండ పైకి తీసుకెళ్లే కుర్చీల లిఫ్టు ఎక్కనిస్తారు. రానివాళ్లు కింద కెఫేలో కిటికీ పక్కన కూర్చోవాలి. ఎనిమిది నెలలుగా చరిత చేస్తున్నది కిటికీ పక్కన కూర్చోవడమే. "రేపు నేనూ పైకి వెళ్తాను" అని డైరీలో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

నిన్న సాయంత్రం షాపులో గోడ నిండా సాక్సులే. చరిత చెయ్యి లావువాటి మీదికి వెళ్తుంటే హంసిక పట్టుకుని లాగింది.

"అవి కాదు. థిన్ ఊల్ తీసుకో. బూట్ టైట్ ఉంటది. థిక్‌వి వేస్తే ఫీట్ ఫ్రీజ్ అయితయి."

వేళ్ల మధ్య నలిపి చూస్తే ఉల్లిపొర కన్నా కాస్త మందం, అంతే. ఇవి చలిని ఆపుతాయా అని అడగాలనుంది. అడగలేక తలూపింది.

ఇంట్లో అమ్మ వాటిని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. "వీధంతా కనబడుతోంది ఇందులోంచి. వీటితోనా మంచులోకి వెళ్లేది?"

చరితకి ఏడాది నిండకముందు నెమ్ము చేసి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. చలి అరికాళ్లలోంచే ఎక్కుతుందని అప్పటినుంచీ అమ్మ నమ్మకం. అలమరలోంచి రెండు లావు జతలు తీసింది. చరిత అరచేతిని తన నెత్తిన పెట్టుకుంది. "ఇంటికొచ్చే దాకా ఈ రెండూ విప్పనని నా మీద ఒట్టు వెయ్యి."

చరిత వేసింది. ఒట్టు తప్పితే ఏమవుతుందో ఆ పల్లెలో ఎవరూ విడమర్చి చెప్పరు. చెప్పకపోయినా అందరికీ తెలుసు.

బూట్లు అద్దెకిచ్చే చోట కుర్రాడు, సన్న సాక్సులే కదా అని ఇంగ్లీషులో అడిగాడు. చరిత తలూపింది. అతను మోకాలితో అదిమి మరీ బకిల్స్ బిగించాడు.

క్లాసు మొదలైన పది నిమిషాలకు కాలి వేళ్లు జివ్వుమన్నాయి. తర్వాత మండాయి. ఆ తర్వాత ఏమీ తెలియలేదు. కాలు ఉందో లేదో తెలియనప్పుడు దాన్ని ఎటు తిప్పాలి? పడింది, లేచింది, మళ్లీ పడింది. పాల పళ్లు ఊడిన పిల్లొకతి పక్కనుంచి జర్రున జారిపోయి ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి చూసింది. నేర్పే ఆయన వంగి, వేళ్లు తెలుస్తున్నాయా అని అడిగాడు. "యెస్," అంది చరిత. పదకొండున్నరకి ఒక్కొక్కరినీ చూసి పైకి పంపుతానని ఆయన చెప్పాడు. అప్పటికి పదకొండయింది.

అవతలి వాలు మీంచి చూసిన హంసిక వచ్చి ఆమెను కెఫేలోకి లాక్కుపోయింది. బూటు లాగి, సాక్సులు ఊడదీయబోయింది.

"విప్పద్దు," అంది చరిత.

"టూ పెయిర్సా? నీ జేబులో థిన్‌వి ఉన్నయి కదా?"

"అమ్మ మీద ఒట్టేశాను."

"మీ మమ్మీకి తెలీదు కదా."

"తనకి తెలీకపోయినా తగులుతుంది."

హంసిక నవ్వబోయి, ఆ మొహం చూసి మానేసింది. "అయితే కాల్ చెయ్. ఒట్టు ఎవరు పెట్టారో వాళ్లే తీయాలి, రైట్?"

అమ్మ తప్పని అమ్మతోనే చెప్పడం చరిత పుట్టి బుద్ధెరిగాక చేయని పని. ఫోన్ మోగుతుంటే లేచి నిలబడింది, కూర్చుంది.

"ఏమైందే? పడ్డావా?"

"పడ్డాను. కాళ్లు తెలియట్లేదమ్మా. ఆ రెండు జతలూ విప్పాలి."

"చలెక్కి తెలియట్లేదు. ఇంకో జత వేసుకో."

హంసిక ఎదురుగా కళ్లు పెద్దవి చేసి చూస్తోంది.

"చలి కాదు, బిగుతు. అత్త పెళ్లికి నువ్వు చిన్న సైజు గాజులు సబ్బు రాసి ఎక్కించుకున్నావు చూడు, చెయ్యి తిమ్మిరెక్కి చల్లబడిపోయింది. నాన్న గాజులు పగలగొడితే గానీ వెచ్చబడలేదు. బూటు లోపల నాకూ అదే అయింది."

అవతల అమ్మ గాజులు గలగలమన్నాయి.

"నిన్ననే చెప్పొచ్చుగా ఈ మాట."

"నిన్న నాకే తెలీదు. తెలిసినా చెప్పలేకపోయేదాన్ని."

"ఇప్పుడు బాగానే చెబుతున్నావులే," అంది అమ్మ. గొంతులో కోపం ఉందో లేదో పోల్చుకోవడం కష్టమైంది. "సరే, ఒట్టు తీసి గట్టున పెట్టాను. చల్లగా అనిపిస్తే మాత్రం లోపలికొచ్చెయ్యి. వింటున్నావా?"

విప్పి చూస్తే వేళ్లు ఉడికిన పనసగింజల్లా తెల్లగా ఉన్నాయి. రెండు చేతులతో రుద్దింది. నెత్తురు తిరిగొచ్చేటప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి గులాబీ రంగు వచ్చి వేళ్లు కదిలాయి. సన్న సాక్సు ముడత లేకుండా కాలికి అతుక్కుంది. బూట్లో వేళ్లకి కదిలే చోటు దొరికింది.

బయటికి వస్తూ లావు జతల్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. తలుపు పక్కన పారలతో ఎత్తిపోసిన మంచు, పొలం గట్టంత ఎత్తున ఉంది. దాని మీద పెట్టింది.

"అక్కడెందుకు?" అంది హంసిక.

"అక్కడే ఉండాలి. వెళ్లేటప్పుడు తీసుకుంటాను."

తన వంతు వచ్చింది. జారింది. మంచు కాలి కింద తెలుస్తోంది, బొటనవేలి కింద, మడమ కింద. స్కీ పలకల రెండు ముందుకొనలూ దగ్గర చేసి మడమలు బయటికి నెట్టింది. నేర్పే ఆయన మంచులో గుచ్చిన కర్రకి జానెడు దూరంలో ఆగింది. ఊగింది, పడలేదు.

ఆయన కర్ర ఎత్తి లిఫ్టు వైపు చూపించాడు.

వరసలో నిలబడ్డాక చరిత చెయ్యి తనంతట తనే జేబులోకి వెళ్లింది. లోపల ఏమీ లేదు. చెయ్యి తీసి, వస్తున్న కుర్చీ కోసం వెనక్కి తిరిగి చూసింది.